ఒకటి, మూడు, ఐదు

నేను గణితంలో పట్టా ఉన్నవాణ్ణి కాను. బీకాం చదివి, వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో కొన్నాళ్లు పనిచేశాను. ఆ కొట్లోకి కంప్యూటర్ వచ్చాక దాని ముందు నుంచి లేవబుద్ధి కాక, పాత పుస్తకాలు కొనుక్కుని ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నాను. ఆ నేర్చుకున్నదే నన్ను విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, గణిత శాఖ కంప్యూటర్ ల్యాబులో కూర్చోబెట్టింది. మొన్నమొన్నటిదాకా అక్కడే ఉన్నాను. పీహెచ్‌డీ చేసేవాళ్లు సమీకరణాన్ని కాగితం మీద రాసుకుని వచ్చేవారు. నేను దాన్ని అంకెలుగా, ఆ అంకెల్ని గీతలుగా మార్చి ఇచ్చేవాణ్ణి. థీసిస్ మొదట్లో కృతజ్ఞతలు చెప్పే పేజీలో దేవుడు, గైడ్, అత్తమామలు అయ్యాక నా పేరు వచ్చేది. వైవా రోజున ఒక పూతరేకుల పెట్టె నా టేబుల్ మీదకి వచ్చేది. అది గౌరవమైన ఉద్యోగమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

కొత్తగా పరిశోధనలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు సార్ అని అడుగుతుంటారు. సాఫ్ట్‌వేర్లు వస్తుంటాయి, పోతుంటాయి. నేను వాళ్లకి ఒక పాదం గురించి చెబుతాను. ఫోన్లో పూర్తిగా చెప్పడం ఎప్పుడూ కుదరలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా శాఖలో ఒక ప్రొఫెసర్ గారుండేవారు. వేడి ఒక చోటి నుంచి మరో చోటికి ఎలా పాకుతుందన్నది ఆయన విషయం. మొదట్లో ఇనుప పలకల్లో వేడి, తర్వాత గొట్టాల్లో పారే ద్రవాల్లో వేడి, చివరికి బతికున్న మనిషి కండలో వేడి. చివరిదాని మీద ఆయన దగ్గర చేరిన స్కాలర్ మా కాలేజీలోనే పాఠాలు చెప్పే ఒక లెక్చరర్. గుణదల అమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి. పగలు క్లాసులు, సాయంత్రం పిల్లలు, ఆదివారం చర్చి, మిగిలిన వేళల్లో పరిశోధన. నేను ఆవిణ్ణి మేడం అనేవాణ్ణి, ఆవిడ నన్ను అన్నయ్యగారూ అనేది. ఇక్కడా మేడం అనే రాస్తాను.

ఆవిడ పని ఏమిటో రెండు మాటల్లో చెబుతాను, ఇంతకంటే లెక్క అక్కర్లేదు. కాలికి వేడి మూట ఆనిస్తే చర్మం నుంచి లోపలికి వేడి పాకుతుంది. ఇనుప కడ్డీలోనూ అలాగే పాకుతుంది. కాని కడ్డీలో లేనిది కాలిలో ఉంది, రక్తం. కాలవలో నీళ్లు ఒడ్డున పడ్డ చెత్తని లాక్కుపోయినట్టు, రక్తం పారుతూ ఆ వేడిని లాక్కుపోతుంది. ఎక్కువ పారితే ఎక్కువ లాక్కుపోతుంది. ఆ పారడం ఎంతో చెప్పే అంకె ఒకటి సమీకరణంలో ఉంటుంది. దాన్ని మార్చి చూస్తూ, లోపల ఎంత లోతున ఎంత వేడి ఉందో గీత గీయాలి. అంతే.

ఆ అంకె ప్రొఫెసర్ గారి స్కాలర్లందరి గ్రాఫుల్లోనూ ఒకటి, మూడు, ఐదే. ఎందుకు సార్ ఎప్పుడూ అవే అని ఒకసారి అడిగాను. ఆ మూడింటికీ గీతలు పేజీ మీద విడివిడిగా, చక్కగా పడతాయన్నారు. ఒకటికి కిందికి పోతే గీతలు ఒకదాని మీద ఒకటి అంటుకుపోతాయి, అచ్చులో అసహ్యంగా ఉంటుంది, జర్నల్ వాళ్లు వెనక్కి పంపుతారు. నాకూ అది సబబుగానే తోచింది. గీతలు గీసేవాడికి గీతలు కనపడటమే కదా ముఖ్యం.

ఇంకొక అలవాటు, టెంపరేచర్‌కి డిగ్రీలు ఉండవు. అన్నిటికంటే వేడి చోటు ఒకటి, అన్నిటికంటే చల్లటి చోటు సున్నా, మిగతావన్నీ మధ్యలో. దీనివల్ల లెక్క తేలికవుతుంది, ఒక్క జవాబు వంద సందర్భాలకి సరిపోతుంది. అందులో తప్పేమీ లేదు, ప్రపంచమంతా చేసేదే. కాకపోతే లెక్క అయ్యాక మళ్లీ డిగ్రీల్లోకి దిగిరావాలి. మేం దిగేవాళ్లం కాదు. పేపర్లు పడేవి, డిగ్రీలు వచ్చేవి, దిగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. మా శాఖలో జ్వరం వచ్చినా సున్నాకీ ఒకటికీ మధ్యే వస్తుందని నేను జోక్ చేస్తే, ప్రొఫెసర్ గారే అందరికంటే గట్టిగా నవ్వారు. ఆయన అలాంటి మనిషి. ఏ స్కాలర్‌నీ ఇంటి పనికి పంపింది లేదు, ఏ పేపర్‌లోనూ తన పేరు ముందు రాయించుకున్నది లేదు.

మేడం థీసిస్ తయారైంది. ఫిబ్రవరి నెలాఖరులోగా యూనివర్సిటీకి ఇవ్వాలి. అప్పటికే ఒకసారి గడువు పెంచారు. రెండోసారి పెంచాలంటే గైడ్ గట్టిగా రాయాలి, కమిటీ ఒప్పుకోవాలి, ఒప్పుకుంటుందన్న నమ్మకం లేదు. అటు కాలేజీ మేనేజ్‌మెంట్, జూన్ నాటికి పీహెచ్‌డీ లేనివాళ్లని రెగ్యులర్ పోస్టులో ఉంచలేమని అందరికీ చెప్పేసింది. మేడం భర్తది ప్రైవేటు ఉద్యోగం, ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. కాబట్టి ఆ ఫిబ్రవరి ఆవిడకి ఎంత ముఖ్యమో మా ల్యాబులో ఫ్యాన్లు తుడిచే మనిషికి కూడా తెలుసు.

సంక్రాంతి సెలవులు అయ్యాక ప్రొఫెసర్ గారు కాలేజీకి రాలేదు. పాదం కాలి ఆసుపత్రిలో ఉన్నారని తెలిసింది.

ఆయనకి చాలా ఏళ్లుగా షుగర్. ఆ చలికాలం పాదాలు లాగుతున్నాయంటే వాళ్లావిడ ఉప్పు కాపడం పెట్టేది. కళ్లుప్పు మూకుట్లో వేయించి, పాత పంచె ముక్కలో మూట కట్టి, అరికాలికి ఆనించి ఉంచడం. మనిళ్లలో ఎవరికి తెలియని వైద్యం కాదది. ఆ రోజు కూడా అలాగే పెట్టింది. ఆయన పేపర్ దిద్దుకుంటూ, వేడి తగలడం లేదు, ఇంకాస్త వేయించి తీసుకురా అన్నారు. తెచ్చింది. సాయంత్రానికి అరికాలు బొబ్బలెక్కింది. వారానికి పుండయింది. వేలు తీసెయ్యాల్సి వస్తుందేమోనని డాక్టర్లు కొన్నాళ్లు చూశారు. చివరికి వేలు నిలిచింది.

సినాప్సిస్, అంటే థీసిస్ సారాంశం మీద సంతకం కోసం మేడం ఆసుపత్రికి వెళ్లింది. ఆ రోజు అక్కడ జరిగింది తర్వాత నాకు చెప్పింది. చూడవచ్చిన ప్రతి ఒక్కరికీ ప్రొఫెసర్ గారు ఒకటే జోక్ చెబుతున్నారట, మా ఆవిడ నా కాలికి ఉప్పు పెట్టి వేయించిందండీ, కారం ఒక్కటే తక్కువ అని. వచ్చినవాళ్లు నవ్వుతున్నారు. వాళ్లావిడ బయట వరండాలోకి వెళ్లిపోతోంది. ఆవిడ ఆడపడుచు అప్పటికే ఫోన్లో, కట్టుకున్నవాడి కాలు కాల్చుకుంటూ కూర్చున్నావా వదినా అనేసిందట. మేడం వరండాలో పక్కన కూర్చుంటే ఆవిడ ఒక్కటే అడిగింది.

"మూట నేనెప్పుడూ ముందు నా మోకాలికి పెట్టుకుని చూసుకుంటానమ్మా. ఓర్చుకోగలిగితేనే ఆయనకి పెడతాను. ఆ రోజూ అంతే, రెండోసారి వేయించాక కూడా. నా మోకాలికి కాలనిది ఆయన పాదానికి ఎలా కాలింది?"

మేడం లేచింది. సంతకం అడగడం కూడా మర్చిపోయి, తిన్నగా మా ల్యాబుకి వచ్చింది. నేను థీసిస్ గ్రాఫులు చివరిసారి సరిచూస్తున్నాను. నా వెనక నిలబడి, కండలో వేడి గ్రాఫు తెరవమంది. తెరిచాను. మూడు గీతలు, ఒకటి, మూడు, ఐదు.

"ఇందులో సార్ కాలు ఎక్కడుంది అన్నయ్యగారూ?"

నాకు అర్థం కాలేదు. ఆయన రక్తం ఎంత పారుతోందో చెబితే ఆ అంకె వేసి గీస్తానన్నాను. ఎంతో ఆవిడకి తెలియదు. అన్నేళ్లుగా ఆ అంకెని మేం ఎంత వాడామో లెక్కలేదు, అది ఎవరి ఒంట్లోదో ఎవరూ అనుకోలేదు. మేడం తెలిసినవాళ్ల ద్వారా ఒక మెడికల్ కాలేజీలో శరీరధర్మ శాస్త్రం చెప్పే డాక్టర్ దగ్గరికి వెళ్లి కూర్చుని నేర్చుకుని వచ్చింది. రెండు విషయాలు తెచ్చింది. ఒకటి, ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్ల పాదంలో ఆ అంకె ఒకటికి చాలా కింద ఉండొచ్చు, అంటే మేం గీతలు అంటుకుపోతాయని వదిలేసిన చోట. రెండోది ఇంకా పెద్దది. మామూలు మనిషికి వేడి తగిలితే అక్కడికి రక్తం తనంతట తాను ఎక్కువ పారుతుంది, కాలవకి లాకు తలుపు ఎత్తినట్టు. అలాంటి పాదంలో ఆ లాకు సరిగ్గా లేవదు. పైగా వేడి తెలియదు కాబట్టి మనిషి కాలు తీయడు. మా సమీకరణంలో లాకే లేదు. రక్తం పారడం ఎప్పుడూ ఒకేలా ఉంటుందని పెట్టుకున్నాం, అలా పెట్టుకుంటేనే జవాబు ఒక అందమైన సూత్రంగా వస్తుంది కాబట్టి. ఆ సూత్రం ఒక అధ్యాయం నిండా ఉంది. ప్రొఫెసర్ గారికి థీసిస్ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన అధ్యాయం అదే.

లాకు పెడితే సూత్రం పోతుంది. అంకెలతో మొత్తం మళ్లీ చేయాలి. నెలల పని.

నేను ఆవిడకి చెప్పాల్సింది చెప్పాను. థీసిస్‌లో అబద్ధం ఒక్కటీ లేదు, పెట్టుకున్న షరతుల్లో ప్రతి అంకె నిజమే, ఇప్పుడు ఇచ్చేయండి, ఉద్యోగం నిలబడ్డాక ఇదంతా వేరే పేపర్‌గా రాద్దాం అన్నాను. ఇప్పటికీ అది చెడ్డ సలహా అనుకోను. ఆవిడ తలూపింది. ఊపి, ఆ పాదానికి ఒకటి, ఆ మోకాలికి ఒకటి, రెండు గీతలు మాత్రం, డాక్టర్ చెప్పిన అంకెలతో ఉజ్జాయింపుగా, గీసి పెట్టమంది. డిగ్రీల్లో. మూట ఒకటే, పెట్టిన సేపు ఒకటే, మోకాలికి ముందు పెట్టారు కాబట్టి దానికి ఇంకాస్త వేడి ఇవ్వండి అంది. మధ్యాహ్నం భోజనం మానేసి గీశాను. తెర మీద చూసి ఆవిడ బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

తర్వాత కొన్నాళ్లు ల్యాబుకి రాలేదు. ప్రొఫెసర్ గారు ఇంటికి వచ్చేశారు. గుణదల మేరీమాత ఉత్సవాలు మొదలయ్యాయి. ఆ మూడు రోజులూ వాళ్ల వీధిలోకి బండి రాదు, పోదు. ఆ రద్దీలోనే ఫోన్ చేసింది, సార్ ఇంటికి వెళ్దాం, మీ ల్యాప్‌టాప్ తీసుకురండి, నేను మెయిన్ రోడ్డు దాకా నడిచి వస్తానని. కొండకి వెళ్లే జనానికి ఎదురుగా నడుచుకుంటూ వచ్చింది. బండి ఎక్కుతూ అంది.

"ఇచ్చేస్తే ఏమవుతుందో ఆలోచించానండీ. రేపు నా దగ్గర ఎవరైనా చేరితే వాళ్లకీ ఒకటి, మూడు, ఐదే చెబుతాను. అది కాకుండా ఇంకేం చెప్పగలను?"

"మరి జూన్ సంగతి?"

"అది ఆయనకి వదిలేశాను," అని కొండ మీది సిలువ వైపు చూపించింది. "మీరు బండి జాగ్రత్తగా నడపండి, అన్నీ ఆయన ఒక్కడి మీదే వెయ్యకూడదు."

ప్రొఫెసర్ గారి ఫ్లాట్ బెంజ్ సర్కిల్ వెనక ఒక సందులో. ఆయన వాలుకుర్చీలో, కట్టు కట్టిన పాదం స్టూలు మీద దిండు వేసి పెట్టుకుని ఉన్నారు. మమ్మల్ని చూడగానే పెన్ను మూత తీశారు.

"సంతకాలకేగా. తియ్యమ్మా కాగితాలు."

"సంతకం వద్దు సార్. టైం కావాలి," అంది మేడం.

మొత్తం చెప్పింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది నాకు, ఎందుకంటే అంత నెమ్మదిగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మనం గణితం వాళ్లం, వైద్యులం కాదు అన్నారు. షరతులు చెప్పి, జవాబు చెబుతాం, అక్కడితో మన పని అయిపోతుంది అన్నారు. ఆ అధ్యాయంలో సూత్రం ఎంత శుభ్రంగా వచ్చిందో నీకు తెలుసు, దాన్ని నీ చేత్తో నువ్వే తీసేస్తానంటున్నావు అన్నారు. చివరికి అసలు మాట అన్నారు.

"కమిటీ ఒప్పుకోకపోతే? జూన్ వస్తే నిన్ను ఎవరు చూస్తారమ్మా? నేను రిటైరవుతున్నవాణ్ణి."

ల్యాప్‌టాప్ టీపాయ్ మీద తెరిచే ఉంది. అప్పుడు వాళ్లావిడ కాఫీలు తీసుకొచ్చింది. కప్పులు పెట్టడానికి చోటు లేక తెర వైపు చూసి, ఏంటమ్మా ఇది అని అడిగింది.

"ఇది మీ మోకాలండీ," అంది మేడం, కింది గీత చూపిస్తూ. పై గీత చూపించి, "ఇది సార్ పాదం. ఈ అడ్డగీత దాటితే చర్మం దెబ్బతినడం మొదలవుతుంది."

ఆవిడ ట్రే చేత్తో అలాగే పట్టుకుని వంగి చూసింది. మోకాలి గీత కొంచెం లేచి, మళ్లీ చదునుగా సాగింది. పాదం గీత లేస్తూనే ఉంది. అడ్డగీత దాటి పైకి పోయింది.

"రెండూ ఒకటే మూటా?"

"ఒకటే. మీకు ముందు పెట్టుకున్నారు కాబట్టి మీ గీతకి ఎక్కువ వేడే ఇచ్చాం."

"అయినా నాది కాల్లేదు."

"కాలదండీ. మీ రక్తం వేడిని లాక్కుపోయింది. సార్‌ది లాక్కుపోలేదు."

"అయితే నేను కాల్చలేదా?"

మేడం అక్కడ అవును కాల్చలేదండీ అనేస్తే సరిపోయేది. అనలేదు.

"మూటే కాల్చిందండీ. కాని మీ మోకాలికి పెట్టుకుని చూసుకుంటే అది తెలిసే వీల్లేదు. మీరు రోజంతా పెట్టుకుని చూసుకున్నా తెలియదు."

ఆవిడ ట్రే కింద పెట్టింది. చూపుడు వేలుతో కింది గీత మొదట్నించి చివరిదాకా నెమ్మదిగా తడిమింది, తర్వాత పై గీత. ప్రొఫెసర్ గారి వైపు తిరిగి, "విన్నారా?" అంది. అంతే అంది. వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆయన ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నారు. కళ్లజోడు పెట్టుకుని పక్కనున్న స్కేలు చదివారు. డిగ్రీల్లో ఉందే అన్నారు, ఎవరితోనో తెలియకుండా. కాఫీ చల్లారిపోయింది.

అంతలో బెల్లు మోగింది. పై ఫ్లోర్‌లో ఉండే పెద్దమనిషి, బ్యాంకులో చేసి రిటైరైనాయన, పండ్ల సంచితో వచ్చారు. ఊళ్లో లేనండీ, ఇప్పుడే తెలిసింది, అసలెలా జరిగిందండీ ఇది అన్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేనూ మేడం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ జోక్ మా ఇద్దరికీ నోటికొచ్చు.

ప్రొఫెసర్ గారు పాదం వైపు చూసి, "రక్త ప్రసరణ తక్కువండీ," అన్నారు. "ఒకటికి బాగా కింద."

వచ్చినాయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అవునవునని తలూపి, బొప్పాయి తినండి మంచిది అని చెప్పి వెళ్లిపోయారు. వంటింట్లో గిన్నెలు మళ్లీ చప్పుడయ్యాయి. కాసేపటికి వేడి కాఫీ మళ్లీ వచ్చింది.

గడువు పెంచమని కమిటీకి ఉత్తరం అక్కడే నాచేత టైప్ చేయించారు. గైడ్‌గా నా సూచన మేరకు ఎంచుకున్న విలువలు సరిపోవని తేలినందువల్ల, అని మొదలుపెట్టారు. గైడ్‌గా నా సూచన మేరకు అన్న ముక్క తీసేద్దామా సార్ అంటే, నువ్వు టైప్ చెయ్యవయ్యా, దిద్దడం నా పని అన్నారు.

కమిటీ ఒప్పుకుంది. మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు. జూన్‌లో మేడంని రెగ్యులర్ నుంచి తీసి, తాత్కాలికంగా గంటల లెక్కన పాఠాలు చెప్పమన్నారు. ఇదంతా చదివి, నిజాయితీకి వెంటనే ఫలితం దక్కిందని ఎవరూ అనుకోకూడదని ఇది రాస్తున్నాను. ఆ ఏడాది వాళ్లింట్లో చాలా కష్టంగా గడిచింది. ఆవిడ సాయంత్రాలు ట్యూషన్లు చెప్పింది. లాకు పెట్టిన సమీకరణం మొదట్లో నా ప్రోగ్రాముకి లొంగలేదు, అంకెలు ఊగిపోయేవి. మేమిద్దరం దాన్ని మచ్చిక చేసుకునేసరికి ఎండాకాలం మళ్లీ వచ్చింది. పాదం మానిన ప్రొఫెసర్ గారు మెత్తటి చెప్పులు వేసుకుని వారం వారం ల్యాబుకి వచ్చి, ఏవయ్యా, నా కాలు ఎంతవరకూ వచ్చింది అని అడిగేవారు.

వైవాకి ఎగ్జామినర్ వేరే రాష్ట్రం నుంచి వచ్చారు. మంచివారే, నిదానంగా అడిగారు. వెనక వరసలో మేడం భర్త, పిల్లలు, వాళ్ల పక్కన ప్రొఫెసర్ గారి భార్య కూర్చున్నారు. తలుపు దగ్గర నేను. మొదటి అధ్యాయాలన్నీ సాఫీగా గడిచాయి. పాదం గ్రాఫు తెర మీదకి రాగానే ఎగ్జామినర్ కళ్లజోడు సర్దుకున్నారు. ఈ కింది విలువల దగ్గర గీతలన్నీ అంటుకుపోయాయి, ఏది ఏదో తెలియడం లేదు, కొంచెం దూరం దూరం విలువలు తీసుకుని విడివిడిగా చూపించి ఉండాల్సింది కదా అన్నారు.

మేడం జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. వైవాలో గైడ్ మాట్లాడకూడదు. అది తెలిసీ ప్రొఫెసర్ గారు కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డారు.

"విడదీయడానికి లేదండీ. వాటి మధ్యే నా కాలుంది."

ఎగ్జామినర్ వంగి ఆయన చెప్పుల వైపు చూశారు. మళ్లీ తెర వైపు చూశారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ డిగ్రీల్లోనే అడిగారు.